బట్ట మీద టాకో బొమ్మ: ఒక వంటకం వెనక ఉన్న కథ, పిల్లలతో మాట్లాడే ఒక అవకాశం



మీ పిల్లల అలమరా ఒకసారి తెరిచి చూడండి. డైనోసార్లు, రాకెట్లు, డోనట్లు, పిజ్జా ముక్కలు అచ్చేసిన టీషర్టులు, నైట్ డ్రెస్సులు, పౌచ్‌లు కనీసం ఒకటి రెండైనా కనిపిస్తాయి. ఈ మధ్య వాటిలో టాకో కూడా చేరింది. పసుపు రంగులో అర్ధచంద్రాకారంలో వంగిన ఒక గుల్ల, అందులోంచి తొంగి చూసే ఆకుపచ్చని ఆకులు, ఎర్రటి టమాటా ముక్కలు, కొన్నిసార్లు దానికి రెండు కళ్లు, ఒక నవ్వు. పక్కనే ఒక కాక్టస్ మొక్క, పెద్ద అంచుల టోపీ, మీసాలు.

చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. పిల్లలు ఇష్టపడి వేసుకుంటే వద్దనాల్సిన పని లేదు. కానీ ఆ బొమ్మ ఒక దేశం గురించి, ఒక జాతి ప్రజల గురించి పిల్లలకు ఏదో చెబుతూనే ఉంటుంది. అది చెప్పేదాంట్లో ఎంత నిజం, ఎంత సగం నిజం అన్నది మనం పెద్దవాళ్లం తెలుసుకుని ఉంటే మంచిది. స్కూళ్లలో ఇంటర్నేషనల్ డే, ఫుడ్ ఫెస్ట్, ఫాన్సీ డ్రెస్ లాంటివి వచ్చినప్పుడు ‘మెక్సికో’ అనే చీటీ మీ పిల్లల చేతికి వస్తే ఈ వ్యాసం పనికొస్తుందని ఆశిస్తున్నాం.

మొక్కజొన్నతో మొదలు

టాకో అంటే స్థూలంగా చెప్పాలంటే పల్చటి చిన్న రొట్టెలో కూర పెట్టి, మడిచి, చేత్తో పట్టుకుని తినేది. ఆ రొట్టె పేరు టోర్టియా. మెక్సికోలో అనాదిగా దాన్ని మొక్కజొన్నతో చేస్తారు. ఉత్తర మెక్సికోలో గోధుమ టోర్టియా కూడా వాడుకలో ఉంది. గోధుమ స్పెయిన్ వాళ్లు వచ్చాక వచ్చిన పంట.

మొక్కజొన్న పుట్టిల్లు మెక్సికోయే. సుమారు 9000 ఏళ్ల కిందట, దక్షిణ మెక్సికోలోని బాల్సాస్ నది లోయలో, టియోసింటే అనే అడవి గడ్డి నుంచి అక్కడి రైతులు దీన్ని తయారు చేసుకున్నారు. టియోసింటే కంకి వేలెడంత కూడా ఉండదు. గట్టి పెంకుతో ఉన్న కొద్దిపాటి గింజలే ఉంటాయి. తరతరాలుగా మంచి గింజలను ఏరి విత్తనంగా దాచుకుంటూ పోతే ఈ రోజు మనం కాల్చుకుని తినే పెద్ద కంకి వచ్చింది.

ఆ గింజను రొట్టె చేయడానికి వాళ్లు కనిపెట్టిన పద్ధతి ఇంకా గొప్పది. ఎండిన మొక్కజొన్న గింజలను సున్నం కలిపిన నీళ్లలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, కడిగి, రుబ్బుతారు. దీన్ని నిక్స్టమలైజేషన్ అంటారు. మెక్సికో మూలవాసుల భాషల్లో ఒకటైన నావాటల్‌లో బూడిద అనే అర్థమున్న మాట నుంచి ఆ పేరు వచ్చింది. సున్నం లేని చోట బూడిద నీళ్లు వాడేవారు. కనీసం 3000 ఏళ్లుగా ఈ పద్ధతి నడుస్తోంది. దీనివల్ల గింజ పైపొట్టు వదులుతుంది, పిండికి జిగురు వచ్చి రొట్టె విరగకుండా వస్తుంది, కాల్షియం చేరుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, మొక్కజొన్నలో ఒంటికి పట్టకుండా బంధించి ఉండే నియాసిన్ అనే బి విటమిన్ విడుదలవుతుంది.

ఈ చివరి విషయం ప్రపంచానికి చాలా ఖరీదైన పాఠం నేర్పింది. కొలంబస్ తర్వాత మొక్కజొన్న యూరప్‌కు చేరింది. కానీ సున్నపు నీళ్ల పద్ధతి వెంట వెళ్లలేదు. మొక్కజొన్న తప్ప వేరే తిండి దొరకని పేదలకు స్పెయిన్‌లో, ఉత్తర ఇటలీలో, ఆ తర్వాత 20వ శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పెల్లాగ్రా అనే జబ్బు వచ్చింది. చర్మం పగిలిపోవడం, విరేచనాలు, మతి చెదరడం దాని లక్షణాలు. ఎంతోమంది చనిపోయారు. గింజను తీసుకున్నవాళ్లు దాన్ని పండించిన అమ్మమ్మల వంట పద్ధతిని కూడా తీసుకుని ఉంటే ఇంత జరిగేది కాదు.

ఈ జబ్బు మన దక్కన్‌లోనూ కనిపించింది. ఇక్కడ అది జొన్న మీదే ఆధారపడ్డ పేదవాళ్లలో వచ్చింది. హైదరాబాద్‌లోని న్యూట్రిషన్ రీసెర్చ్ లేబొరేటరీస్‌లో డాక్టర్ సి. గోపాలన్ బృందం 1960లో దీని మీద పరిశోధన ప్రచురించింది. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండటం ఒక కారణమని ప్రతిపాదించింది. ఆ సంస్థే తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. జొన్న చెడ్డదని దీని అర్థం కాదు. పప్పు, ఆకుకూర, పాలు తోడు లేకుండా ఒకే గింజ మీద బతకాల్సి రావడమే అసలు సమస్య. పళ్లెంలో రకరకాలు ఉండాలని మనం పిల్లలకు చెప్పే మాట వెనక ఇంత చరిత్ర ఉంది.

సన్నికల్లు, రోలు, పెనం

మెక్సికో పల్లె వంటిల్లు మనకు మరీ కొత్తగా అనిపించదు. నానిన మొక్కజొన్నను రుబ్బే రాయి మెటాటే. అది అచ్చం మన సన్నికల్లు లాంటిదే, మోకాళ్ల మీద కూర్చుని పొత్రంతో ముందుకు వెనక్కి నూరుతారు. టోర్టియా కాల్చే పెనం కోమల్. మిరపకాయ, టమాటా దంచే మూడు కాళ్ల రాతి రోలు మోల్కహేటే. అందులో దంచి చేసే సల్సాకు మన రోటి పచ్చడి దగ్గరి చుట్టం. ఇంటిల్లిపాదికీ సరిపడా టోర్టియాలు కావాలంటే ఆడవాళ్లు తెల్లవారకముందే లేచి గంటల తరబడి రుబ్బాల్సి వచ్చేది. 20వ శతాబ్దంలో పిండి మరలు వచ్చాకే ఆ చాకిరీ తగ్గింది.

1521లో స్పెయిన్ సైన్యం అజ్‌టెక్ రాజధాని టెనోచ్‌టిట్లాన్‌ను పట్టుకుంది. ఈ రోజు మెక్సికో సిటీ ఉన్నది ఆ స్థలంలోనే. ఆ తర్వాత గోధుమ, బియ్యం, పంది, ఆవు, ఉల్లి, కొత్తిమీర, నిమ్మజాతి పండ్లు మెక్సికో చేరాయి. అటు నుంచి మిరప, టమాటా, మొక్కజొన్న, జామ, సీతాఫలం ప్రపంచానికి వచ్చాయి. మన గుంటూరు మిరపకాయ పూర్వీకులు ఆ ఖండం నుంచే పోర్చుగీసు ఓడల్లో వచ్చాయి.

పిల్లలకు చెబితే ఆశ్చర్యపోయే విషయం ఒకటుంది. మనం రోజూ వాడే టమాటా, చాక్లెట్, సపోటా అనే మాటలు మూడూ నావాటల్ భాష నుంచి స్పానిష్ మీదుగా మన దాకా వచ్చినవే. సపోటా చెట్టు మన పెరట్లో ఉంటుంది, దాని పేరు మాత్రం అజ్‌టెక్‌ల మాట.

టాకో అనే పేరు ఎక్కడిది?

టోర్టియాలో కూర చుట్టుకుని తినడం చాలా పాత అలవాటు. టాకో అనే పేరు మాత్రం అంత పాతది కాదు. చరిత్రకారుడు జెఫ్రీ పిల్చర్ చెప్పే వాదన ప్రకారం దాని మూలం వెండి గనుల్లో ఉంది. గనుల్లో రాతిని పగలగొట్టడానికి కాగితంలో మందుగుండు చుట్టి రంధ్రంలో పెట్టేవారు. ఆ చుట్టను టాకో అనేవారు. 19వ శతాబ్దం చివరి నాటికి ‘గని కార్మికుల టాకోలు’ అనే పేరుతో ఒక తిండి వాడుకలో ఉంది. టోర్టియాలో చుట్టిన కారం కూరకు మందుగుండు చుట్ట పేరు రావడం సహజంగానే ఉంది కదా. నావాటల్‌లో ‘మధ్య, సగం’ అనే అర్థమున్న మాట నుంచి వచ్చిందని చెప్పేవారూ ఉన్నారు.

పేరు ఎక్కడి నుంచి వచ్చినా, టాకో శ్రామికుల తిండి. పని కోసం పల్లెల నుంచి మెక్సికో సిటీకి వలస వచ్చినవాళ్లు తమ ప్రాంతపు రుచులను వెంట తెచ్చుకున్నారు. పేదల బస్తీల్లో, వీధి మూలల్లో టాకో బండ్లు వెలిశాయి. కంచం, చెంచా అక్కర్లేదు, నిలబడి తినేసి పనికి పోవచ్చు.

అదే కాలంలో చదువుకున్న పెద్దలు కొందరు ఈ తిండిని చిన్నచూపు చూశారు. ఫ్రాన్స్‌ను చూసి గోధుమ బ్రెడ్ తినడమే నాగరికత అనుకున్నారు. ఫ్రాన్సిస్కో బుల్నెస్ అనే రాజకీయ నాయకుడు 1899లో రాసిన ఒక పుస్తకంలో మనుషులను గోధుమ తినేవాళ్లు, బియ్యం తినేవాళ్లు, మొక్కజొన్న తినేవాళ్లు అని విడదీసి, గోధుమ తినేవాళ్లే ప్రగతి సాధిస్తారని వాదించాడు. ఆ లెక్కన బియ్యం తినే మనం కూడా వెనకబడ్డవాళ్లమే!

ఈ కథ మనకు తెలియనిది కాదు. జొన్న రొట్టె, రాగి సంకటి, సజ్జ గటక పేదవాళ్ల తిండి అని మన ఊళ్లలోనూ ఒక తరం సిగ్గుపడింది. పండగకు మాత్రమే వరి అన్నం వండుకున్న రోజులు మన పెద్దవాళ్లకు గుర్తున్నాయి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక అవే సూపర్ మార్కెట్లలో ఖరీదైన ప్యాకెట్లయ్యాయి. మెక్సికోలోనూ గాలి అలాగే మారింది. 2010లో మెక్సికో సంప్రదాయ వంటను యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. 2024లో మెక్సికో సిటీలో 1968 నుంచి నడుస్తున్న ‘ఎల్ కాలిఫా దె లియోన్’ అనే చిన్న టాకో కొట్టుకు మిషెలిన్ స్టార్ వచ్చింది. కూర్చోవడానికి కుర్చీలు కూడా లేని కొట్టు అది.

వలసలు మార్చిన రుచి

టాకోలన్నీ ఒకటి కావు. పసిఫిక్ తీరంలోని బాహా కాలిఫోర్నియాలో చేప టాకో ప్రసిద్ధి. మధ్య మెక్సికోలో శాకాహారులకూ లోటు లేదు. గుమ్మడి పువ్వు, పుట్టగొడుగులు, ముళ్లు తీసి వేయించిన నోపాల్ అనే నాగజెముడు మట్టలు, చీలికలు చేసి వేయించిన పెద్ద మిరపకాయలు, ఉడికించి మెదిపిన బీన్స్, ఇలా ఎన్నో.

వీటిలో ‘టాకో అల్ పాస్తోర్’ కథ హైదరాబాద్ వాళ్లకు బాగా అర్థమవుతుంది. 20వ శతాబ్దం మొదట్లో లెబనాన్ ప్రాంతం నుంచి చాలామంది మెక్సికోకు వలస వెళ్లారు. నిలువు ఊచకు మాంసం గుచ్చి, తిప్పుతూ కాల్చి, పల్చగా కోసే షవర్మా పద్ధతిని పుయెబ్లా నగరానికి తీసుకెళ్లారు. అక్కడ అది ‘అరబ్ టాకో’ అయింది. మెక్సికో సిటీకి వచ్చేసరికి మాంసం పంది మాంసమైంది, ఎర్ర మిరప మసాలా పట్టించారు, రొట్టె స్థానంలో మొక్కజొన్న టోర్టియా వచ్చింది, పైన ఒక అనాసపండు కూర్చుంది. ఆ తిరిగే ఊచను అక్కడ ‘ట్రోంపో’ అంటారు, అంటే బొంగరం. మన నగరాల్లో సాయంత్రం పూట తిరిగే షవర్మా ఊచ, మెక్సికో సిటీలో తిరిగే బొంగరం ఒకే తల్లి బిడ్డలు.

మరి బట్ట మీద ఉన్నది ఏ టాకో?

ఇప్పుడు మళ్లీ ఆ టీషర్టు చూడండి. గట్టి పసుపు గుల్ల, లెట్యూస్ ఆకులు, తురిమిన పసుపు చీజ్. మెక్సికో సిటీ వీధిలో టాకో అడిగితే ఇది దొరకదు. అక్కడిచ్చేది అరచేతిలో పట్టే మెత్తటి టోర్టియా, కొద్దిగా కూర, పైన తరిగిన ఉల్లిపాయ, కొత్తిమీర, ఒక నిమ్మచెక్క, సల్సా.

బట్ట మీది టాకో అమెరికాలో స్థిరపడ్డ మెక్సికన్ కుటుంబాల టాకో. అక్కడి దుకాణాల్లో దొరికే చెడ్డర్ చీజ్, లెట్యూస్, కీమాతో, నూనెలో వేయించిన టోర్టియాతో వాళ్లు చేసుకున్నది. కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినో పట్టణంలో 1937లో మొదలైన మిట్లా కఫే అలాంటి టాకోలకు పేరు పొందింది. ఆ వీధిలోనే బర్గర్లు, హాట్ డాగ్‌లు అమ్ముకునే గ్లెన్ బెల్ అనే వ్యాపారి అక్కడ తిని, చేసే విధానం నేర్చుకుని, గుల్లలను ముందే వేయించి పెట్టుకుని త్వరగా అమ్మే పద్ధతి తయారు చేసుకున్నాడు. 1962లో డౌనీ పట్టణంలో టాకో బెల్ ప్రారంభించాడు. ఆ గొలుసు 2010లో బెంగళూరు దాకా వచ్చింది. వేయించిన గుల్ల ఆలోచన మాత్రం అతనిది కాదు. గుల్లలు వేయించే పరికరానికి న్యూయార్క్‌లో మెక్సికన్ హోటల్ నడిపిన హువెన్సియో మాల్దొనాదో 1950లోనే పేటెంట్ పొందాడు.

మిట్లా కఫేకు ఇంకో చరిత్ర ఉంది. ఆ రోజుల్లో ఆ పట్టణంలోని పబ్లిక్ స్విమ్మింగ్ పూల్‌లోకి మెక్సికన్ మూలాలున్నవాళ్లను మిగతావాళ్లతో సమానంగా రానిచ్చేవారు కాదు. దాని మీద పోరాడినవాళ్లు కలుసుకున్న చోటు ఈ కఫే. 1944లో వాళ్లు కోర్టులో గెలిచారు. అంటే ఒక సమాజం తమ టాకో తిని మెచ్చుకుంటూనే తమ పిల్లలను ఈతకొలనులోకి రానివ్వకపోవడాన్ని వాళ్లు చూశారు. తిండిని ఇష్టపడటం వేరు, ఆ తిండి వండిన మనుషులను గౌరవించడం వేరు. పిల్లలకు చెప్పాల్సిన అసలు మాట ఇదే.

2015లో ఫోన్లలోకి టాకో ఎమోజీ వచ్చినప్పుడు కూడా ఈ గట్టి గుల్ల ఆకారమే వచ్చింది. దాని గీత సులువు, దూరం నుంచి కూడా గుర్తుపట్టవచ్చు, పసుపు, ఆకుపచ్చ, ఎరుపు రంగులు చక్కగా కలుస్తాయి. బట్టల డిజైనర్లకు కావాల్సింది కూడా అదే. అందుకే ఒక ప్రాంతపు టాకో ప్రపంచం మొత్తానికి టాకో బొమ్మ అయిపోయింది.

టోపీ, మీసం దగ్గర ఆగండి

టాకో బొమ్మతో ఎవరికీ పేచీ లేదు. దాని పక్కన చేరే టోపీ, మీసం, కునుకు తీసే మనిషి బొమ్మల దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆలోచించాలి. 1967లో అమెరికాలో ఒక చిప్స్ కంపెనీ ‘ఫ్రీటో బండీటో’ అనే ప్రకటన బొమ్మను తెచ్చింది. పెద్ద టోపీ, మీసం, తుపాకులతో చిప్స్ దొంగిలించే మెక్సికన్ బందిపోటు అది. మెక్సికన్ అమెరికన్ సంఘాలు గట్టిగా అభ్యంతరం చెప్పాయి. తమ పిల్లలను స్కూల్లో ఆ పేరుతో వెక్కిరిస్తున్నారన్నది వాళ్ల బాధ. చివరకు 1971లో కంపెనీ దాన్ని మానుకుంది.

ఇది మనకు ఎలా తగులుతుందో చూడాలంటే ఒక్కసారి తిప్పి ఆలోచించండి. వేరే దేశంలో ‘ఇండియా డే’ అని చెప్పి పిల్లలందరికీ తలపాగా, పాములబుట్ట ఇచ్చి, కర్రీ అని రాసిన టీషర్టు వేస్తే డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో చదువుతున్న మన చెల్లెలి కొడుక్కి, అన్నయ్య కూతురికి ఎలా ఉంటుంది? వాళ్ల లంచ్ బాక్సు తెరిస్తే పక్కవాళ్లు ముక్కు మూసుకున్న సందర్భాలు మనలో చాలామందికి తెలిసే ఉంటాయి. మన దగ్గర క్లాసులోనూ ఎండు చేపల కూర తెచ్చిన పిల్లాడినో, రాగి ముద్ద తెచ్చిన పాపనో ఎవరైనా ఎగతాళి చేస్తే అదే బాధ.

మెక్సికో తన బట్టల డిజైన్ల విషయంలోనూ పట్టుదలగా ఉంది. హిడాల్గో రాష్ట్రంలోని టెనాంగో దె డోరియాలో ఓటొమి స్త్రీలు జంతువులు, పువ్వులు, పక్షులతో చేసే ఎంబ్రాయిడరీ చాలా పేరున్నది. 2019లో ఒక అంతర్జాతీయ ఫ్యాషన్ సంస్థ దుస్తుల్లో అలాంటి నమూనాలు కనిపించినప్పుడు, దానివల్ల ఆ ఊళ్లకు ఏం మేలు జరుగుతుందో చెప్పమని మెక్సికో సాంస్కృతిక శాఖ ఉత్తరం రాసింది. 2022లో మూలవాసుల కళారూపాల రక్షణకు ఒక చట్టమే వచ్చింది. పోచంపల్లి ఇక్కత్‌కు, శ్రీకాళహస్తి కలంకారీకి మనం జీఐ గుర్తింపు తెచ్చుకున్నది కూడా ఇలాంటి ఆలోచనతోనే.

మన తీరం నుంచి మెక్సికో మెడ దాకా

బట్ట విషయంలో మెక్సికోకూ మన తీరానికీ ఒక పాత బంధం ఉంది. మెక్సికోలో రైతులు, నాట్యకారులు మెడకు, తలకు కట్టుకునే పూల అచ్చు రుమాలును ‘పలియకాటే’ అంటారు. ఆ పేరు పులికాట్ నుంచి వచ్చింది. మన పెద్దలు ప్రళయకావేరి అని పిలిచిన ఆ సరస్సు చాలా వరకు ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది, ఊరు తమిళనాడు వైపు ఉంది. కోరమండల్ తీరపు రుమాళ్లకు ఆ రేవు పేరే స్థిరపడింది. స్పెయిన్ ఓడలు 1565 నుంచి 1815 వరకు ఫిలిప్పీన్స్‌లోని మనీలాకూ మెక్సికోలోని అకపుల్కోకూ మధ్య తిరిగాయి. ఆసియా సరుకులతో పాటు భారతీయ వస్త్రాలూ ఆ దారిలో వెళ్లాయి. మెక్సికో స్వాతంత్ర్య పోరాట నాయకుడు హోసె మరియా మొరెలోస్ చిత్రపటాల్లో ఆయన తలకు కట్టుకుని కనిపించే గుడ్డను కూడా అక్కడివాళ్లు పలియకాటే అనే అంటారు.

అదే కాలంలో మచిలీపట్నం రేవు నుంచి కలంకారీ బట్ట యూరప్‌కు వెళ్లేది. అక్కడి వర్తకులు తమ ఇళ్లకు నచ్చే పువ్వుల నమూనాలు పంపితే మన కళాకారులు వాటిని తమదైన గీతలో వేసి ఇచ్చేవారు. ఎక్కడో ఉన్నవాళ్ల ఇష్టానికి తగ్గట్టు బొమ్మ మారడం కొత్తేమీ కాదు. టాకో గుల్ల గట్టిపడటం కూడా అలాంటిదే.

ఈ డిజైన్లు ఎలా తయారవుతాయి?

వస్తువుల బొమ్మలతో సరదాగా ఉండే ఇలాంటి అచ్చులను బట్టల వ్యాపారంలో ‘కన్వర్సేషనల్ ప్రింట్’ అంటారు. చూడగానే నలుగురూ దాని గురించి మాట్లాడతారు కాబట్టి ఆ పేరు. పెడనలో చెక్క అచ్చులతో అద్దేటప్పుడు ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు కావాలి. స్క్రీన్ ప్రింటింగ్‌లోనూ రంగుకో స్క్రీన్ కావాలి, అందుకే వేల మీటర్లు వేస్తేనే గిట్టుబాటు. డిజిటల్ ప్రింటింగ్ వచ్చాక కాగితం మీద ప్రింటర్ వేసినట్టు బట్ట మీద నేరుగా వేయొచ్చు. 2008లో అమెరికాలో మొదలైన స్పూన్‌ఫ్లవర్ లాంటి సంస్థలు ఎవరు డిజైన్ గీసి పంపినా ఒకటి రెండు మీటర్లు కూడా అచ్చేసి ఇస్తున్నాయి. టాకో, డోనట్ లాంటి సరదా బొమ్మలు ఇన్ని రకాలుగా కనిపించడానికి ఇదొక కారణం.

ఏ అచ్చయినా దాని ప్రాణం ‘రిపీట్’లో ఉంటుంది. ఒకే చతురస్రం అతుకు కనిపించకుండా మళ్లీ మళ్లీ రావాలి. ఈ సెలవుల్లో మీ పిల్లలతో ఇలా చేయించండి. లెక్కల క్లాసులో నేర్చుకున్న సౌష్ఠవం, స్థానాంతరణం చేతిలోకి వస్తాయి.

1. ఒక తెల్ల కాగితం మధ్యలో మాత్రమే బొమ్మలు గీయండి. అంచులను తాకకూడదు.
2. కాగితాన్ని నిలువుగా సగానికి కత్తిరించి, ఎడమ ముక్కను కుడివైపుకు, కుడి ముక్కను ఎడమవైపుకు మార్చి వెనక నుంచి టేపు అంటించండి.
3. ఇప్పుడు అడ్డంగా సగానికి కత్తిరించి, పై ముక్కను కిందికి, కింది ముక్కను పైకి మార్చి అంటించండి.
4. మధ్యలో ఖాళీ వస్తుంది. అందులో కొత్త బొమ్మలు గీయండి, అంచులు మాత్రం తాకొద్దు.
5. నాలుగు జిరాక్సు కాపీలు తీసి పక్కపక్కన పేర్చండి. అతుకు కనిపించదు.

గీయడానికి టాకోనే కానక్కర్లేదు. మిరపకాయ, మొక్కజొన్న కంకి, సపోటా, ఇడ్లీ, జొన్న రొట్టె ఏదైనా సరే. ‘మన ఇంటి వంట మీద ఒక బట్ట వేస్తే అందులో ఏం ఉండాలి? ఏం ఉంటే మనకు నచ్చదు?’ అని అడగండి. వాళ్ల జవాబులు మీకే కొత్తగా ఉంటాయి.

కొనేటప్పుడు, ప్రదర్శనకు సిద్ధం చేసేటప్పుడు

• బొమ్మలన్నీ ఒకే దిక్కుకు నిలబడి ఉన్న బట్టకు కొంచెం ఎక్కువ గుడ్డ కావాలి. ఫ్రాకు ముక్కలన్నీ ఒకే దిక్కున కత్తిరించాలి, లేకపోతే వెనక వైపు టాకోలు తలకిందులవుతాయి. టైలర్‌కు ముందే చెప్పండి.
• ముదురు ఎరుపు, ఆకుపచ్చ రంగులు దిగుతాయేమో మొదటిసారి విడిగా ఉతికి చూడండి.
• ‘మెక్సికో’ వేషానికి టోపీ, మీసం బదులు మెడలో ఒక పలియకాటే రుమాలు, చేతిలో మొక్కజొన్న కంకి చాలు. పులికాట్ కథ రెండు వాక్యాల్లో చెబితే జడ్జీలకూ కొత్త విషయం తెలుస్తుంది.
• మే 5ను మెక్సికో స్వాతంత్ర్య దినం అని చాలామంది పొరబడతారు. అది 1862లో పుయెబ్లా దగ్గర ఫ్రెంచి సైన్యం మీద గెలిచిన రోజు. స్వాతంత్ర్య దినం సెప్టెంబర్ 16. చార్ట్ మీద రాసేటప్పుడు సరిచూసుకోండి.
• ఇంట్లో రుచి చూపించాలంటే మెత్తగా చేసిన చిన్న జొన్న లేదా మొక్కజొన్న రొట్టెలో ఉడికించిన రాజ్మా, తరిగిన ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మరసం, టమాటా రోటి పచ్చడి పెట్టి మడవండి. సున్నపు నీళ్ల పద్ధతి మాత్రం పిల్లలతో చేయించొద్దు, సున్నం కళ్లకు, చర్మానికి ప్రమాదం.

పిల్లలు ఆ టీషర్టు వేసుకుని బయటకు వెళ్లే ముందు ఒక్క ప్రశ్న అడగండి: ‘ఇది ఎవరి తిండో నీకు తెలుసా?’ తెలియదంటే పైన చదివినదాంట్లో మీకు నచ్చిన ఒక్క ముక్క చెప్పండి. వెండి గని, సున్నపు నీళ్లు, బొంగరం, పులికాట్ రుమాలు, ఏదైనా ఒకటి చాలు. మిగతావి వాళ్లే అడుగుతారు.